గేజు పుల్ల మీద ఆయిలు పెరుగుతోందా? అనంతపురం రోడ్ల మీద బీఎస్-6 పికప్

కొత్త డీజిల్ పికప్ గురించి రాసేవాళ్లంతా లాగుడు, మైలేజీ, ట్రాలీ పొడవు రాస్తారు. అవన్నీ బ్రోచర్‌లోనే దొరుకుతాయి. గార్లదిన్నె, నార్పల వైపు తోటల నుంచి అనంతపురం మార్కెట్ యార్డుకు చీనీకాయలు (బత్తాయిలు) తోలుతూ చాలాకాలం వాడాక, ఈ బండి గురించి చెప్పాల్సింది ఒక్కటే మిగిలింది: ఇంజన్ ఆయిలు మట్టం చూసే గేజు పుల్ల. పాత బండ్లలో ఆయిలు తగ్గిందా అని చూసేవాళ్లం. ఈ బండిలో పెరిగిందా అని చూడాలి. ఈ ముక్క అమ్మినవాళ్లు చెప్పలేదు, మొదటి సర్వీసు చేసినవాళ్లూ చెప్పలేదు. ఆ కోపం నాకింకా తగ్గలేదు.

ఈ ఇంజన్లు ఆయిలు తినవన్న మంచి పేరుంది. నిజమే, పుల్ల ఎప్పుడు తీసినా మట్టం పైనే ఉంటుంది. కానీ ఆ మట్టాన్ని నిలబెట్టేదాంట్లో కొంత ఆయిలు కాదు, డీజిలు.

ఎలా చేరుతుందంటే, 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 అనే పొగ నిబంధనలు వచ్చాక దాదాపు ప్రతి డీజిల్ పికప్‌కూ సైలెన్సర్ దారిలో డీపీఎఫ్ పెట్టారు. పొగలోని మసిని పట్టి ఉంచే ఫిల్టరు అది. మసి నిండే కొద్దీ ఇంజనే దాన్ని కాల్చేసుకోవాలి. అందుకు ఫిల్టరు లోపల సుమారు 600 డిగ్రీల వేడి కావాలి. ఆ వేడి కోసం, సిలిండరులో మంట అయిపోయాక ఇంజెక్టరు ఇంకొంచెం డీజిలు చిమ్ముతుంది. అది పొగతో పాటు బయటికి పోయి, డీపీఎఫ్‌కు ముందుండే క్యాటలిస్టులో కాలాలి. కొంత మాత్రం సిలిండరు గోడకు తగిలి, రింగుల పక్క నుంచి జారి, ఇంజన్ అడుగున ఆయిలుండే చాంబర్‌లోకి దిగుతుంది. పెట్రోలైతే ఇంజన్ వేడికి చాలావరకు ఆవిరైపోతుంది. డీజిలు మరగడం మొదలయ్యేదే 180 డిగ్రీల ప్రాంతంలో, చాంబర్‌లో ఆయిలు వేడి 100కు అటూ ఇటూ. అందుకే దిగిన డీజిలు అక్కడే ఉండిపోతుంది.

హైవే మీద ఒకే వేగంతో పోతే ఈ కాల్చుడు పావుగంట, ఇరవై నిమిషాల్లో పూర్తయిపోతుంది. మన తోలకం అది కాదు. తోటలో గనిమ (గట్టు) వెంట ఫస్టు, సెకండు గేర్లలో పాకడం, లోడెత్తేంత సేపు ఇంజన్ ఆన్‌లోనే ఉంచడం, యార్డు గేటు దగ్గర వరుసలో నిలబడటం. కాల్చుడు మొదలవుతుంది, మధ్యలో కీ తీసేస్తాం. తర్వాత మళ్లీ మొదలవుతుంది, మళ్లీ డీజిలు చిమ్ముతుంది. మసి కాలదు, ఆయిలు పలచబడుతుంది.

నా బండిలో ముందు డీపీఎఫ్ దీపం వెలిగింది. తర్వాత ఇంజన్ దీపం. ఆ తర్వాత యాక్సిలరేటరు ఎంత తొక్కినా ఆర్పీఎం పెరగలేదు, లోడు మీద ఎత్తు ఎక్కలేదు. సర్వీసు పాయింటులో స్కానరు పెట్టి, నిలబెట్టిన చోటే బలవంతంగా మసి కాల్పించారు, బిల్లిచ్చి పంపేశారు. దీపాలు ఆరాయి, లాగుడు వచ్చింది. పని అయినట్టే కనిపించింది. గేజు పుల్ల మాత్రం ఎవరూ బయటికి తీయలేదు. బలవంతంగా కాల్చినప్పుడే డీజిలు ఎక్కువగా దిగేది. ఆ పని చేసిన వెంటనే మట్టం చూడాలి, పెరిగి ఉంటే ఆయిలు, ఆయిలు ఫిల్టరు రెండూ మార్చాలి. స్కానరు పట్టుకున్న మనిషికి ఇది తెలియదని నేననుకోను.

కొద్దిరోజులకు ఇంజన్ శబ్దం బరువెక్కింది. పుల్ల తీస్తే మ్యాక్స్ గీతకు రెండు వేళ్ల పైన ఉంది ఆయిలు. పుల్ల చివర నుంచి చుక్క ఆగకుండా జారిపోయింది, వాసన నేరుగా డీజిలుదే. టిష్యూ కాగితం మీద ఒక చుక్క వేసి చూస్తే మధ్యలో నల్ల మచ్చ, దాని చుట్టూ పలచటి వలయం గబగబా వెడల్పయింది. చాంబర్ నట్టు విప్పితే, పోసినదానికన్నా లీటరు పైన ఎక్కువ దిగింది.

ఆయిలు ఎక్కువుంటే నష్టమేంటి అనేవాళ్ల కోసం చెబుతున్నాను. క్రాంకు తిరుగుతూ ఆయిలును చిలికి నురగ చేస్తుంది. నురగతో బేరింగులకు ప్రెజరు సరిగా అందదు. పలచబడిన ఆయిలు టర్బో షాఫ్టు దగ్గర పొర నిలపలేదు. ఇంకా పెరిగితే బ్రీదర్ గొట్టం గుండా ఆయిలు ఆవిరి గాలి దారిలోకి పోయి, ఇంజన్ తన ఆయిలునే ఇంధనంగా కాల్చుకుంటుంది. అప్పుడు కీ తీసినా ఇంజన్ ఆగదు, ఆర్పీఎం పెరుగుతూనే పోతుంది. అలా జరిగితే బ్రేకు గట్టిగా తొక్కి పట్టి, టాప్ గేరు వేసి, క్లచ్ ఒక్కసారిగా వదిలి ఆపాలి. బానెట్ ఎత్తి చేతులు పెట్టొద్దు.

అప్పటి నుంచి నా లెక్క మారింది. కంపెనీ పుస్తకంలో రాసిన కిలోమీటర్లలో సగానికే ఆయిలు మారుస్తున్నాను. పోసేటప్పుడు మ్యాక్స్ దాకా నింపను, రెండు గీతల మధ్య ముప్పావు దగ్గర ఆపుతాను. పెరిగితే తెలుస్తుంది, పెరగడానికి చోటూ ఉంటుంది. వారానికోసారి, పొద్దున ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు, ఒకే సమతల చోట పుల్ల చూసి మట్టం గుర్తు పెట్టుకుంటాను. మీటరులో డీపీఎఫ్ దీపం పసుపుగా వెలిగితే యార్డు నుంచి ఇంటికి పోకుండా ఎన్‌హెచ్-44 ఎక్కి, ఒక గేరు తక్కువలో, ఆర్పీఎం 2,000 పైన ఉంచి ఇరవై నిమిషాలు తోలుతున్నాను. కాల్చుడు నడుస్తున్నట్టు గుర్తులు: నిలబడినప్పుడు ఆర్పీఎం మామూలుకన్నా ఎక్కువ, రేడియేటర్ ఫ్యాను ఆగకుండా తిరగడం, వేడి లోహం వాసన. ఆ సమయంలో ఎండిన గడ్డి మీదా, కళ్లంలో వేరుశనగ కట్టె పక్కనా బండి ఆపొద్దు. సైలెన్సర్ వేడికి అంటుకుంటుంది.

ఇక ఏ ఆయిలు అన్న సంగతి. డబ్బా ముందు పెద్ద అక్షరాల్లో ఉన్న 15డబ్ల్యూ-40 అనే చిక్కదనం గ్రేడు చూసి కొంటారు. చూడాల్సింది డబ్బా వెనక రాసిన ఆయిలు రకం. సీఐ-4, సీఐ-4 ప్లస్ ఆయిళ్లు పాత లారీలకు మంచివే, కానీ వాటిలో కాల్షియం, మెగ్నీషియం, జింకు మందులు ఎక్కువ. ఆ ఆయిలు కొంచెం కొంచెం కాలినప్పుడు బూడిద మిగులుతుంది. మసిని కాల్చొచ్చు, బూడిదను కాల్చలేం. అది డీపీఎఫ్ గదుల్లో శాశ్వతంగా పేరుకుంటుంది. 2016 చివర్లో వచ్చిన సీకే-4 రకంలో సల్ఫేటెడ్ యాష్, అంటే కాలాక మిగిలే బూడిద, 1 శాతం మించకూడదు. యూరప్ ప్రమాణం ఏసీఈఏ సీ3లో 0.8 శాతం. మీ పుస్తకం ఈ రెంటిలో ఏది అడిగితే అదే పోయండి. దారిలో ఆయిలు తగ్గి, దగ్గర్లోని షాపులో పాత రకమే దొరికితే అర లీటరు పోసుకుని ఇంటికి రావడం తప్పు కాదు. దాన్నే వాడుకగా చేసుకోవడం తప్పు.

అనంతపురం ఎండకు చిక్కటి ఆయిలే ఆగుతుందని 20డబ్ల్యూ-50 పోసేవాళ్లున్నారు. బయట 43 డిగ్రీలున్నా, 20 డిగ్రీలున్నా, థర్మోస్టాటు, రేడియేటరు బాగున్నంత కాలం ఇంజన్ లోపలి వేడిలో పెద్ద తేడా రాదు. ఎక్కువ చిక్కదనంతో పొద్దున స్టార్ట్ చేసినప్పుడు టర్బోకు ఆయిలు ఆలస్యంగా అందుతుంది. అయితే 5డబ్ల్యూ-30ని నేను మొదట్లో పొగిడినంతగా ఇప్పుడు పొగడను. చల్లటి స్టార్టులో ఇంజన్ మెత్తగా తిరుగుతుంది, మైలేజీ కాస్త మెరుగు. కానీ 30 గ్రేడులో డీజిలు కలిస్తే 20 గ్రేడుకు పడిపోవడానికి ఎంతో దూరం లేదు. పుస్తకం రెండు గ్రేడ్లకూ ఒప్పుకుంటే, చిన్న ట్రిప్పుల బండికి సీకే-4లోనే 15డబ్ల్యూ-40 నాకు నచ్చింది. మనకు చలికాలం పొద్దులు కూడా 15డబ్ల్యూకు లెక్కలోకి రావు. పుస్తకం 5డబ్ల్యూ-30 ఒక్కటే రాస్తే దాన్ని దాటొద్దు, వారంటీ పోవచ్చు.

ఆయిలు మార్చేటప్పుడు దగ్గరుండి చూడండి. పాత ఆయిలు ఫిల్టరు రబ్బరు వాషరు ఇంజన్‌కే అతుక్కుని ఉండిపోతే, దాని మీద కొత్తది బిగిస్తే ప్రెజరుకు ఆయిలంతా చిమ్మేస్తుంది. కొత్త వాషరుకు ఆయిలు రాసి, ఆనేదాకా చేత్తో తిప్పి, ఆపైన ముప్పావు చుట్టు చాలు. చాంబర్ నట్టుకు కొత్త వాషరు వేయించండి. చివర్లో స్కానరుతో ఆయిలు కౌంటరు రీసెట్ చేశారో లేదో అడగండి. ఎక్కువమంది మర్చిపోయేది ఇదే.

కొత్త బండికి మొదటి 1,000 కిలోమీటర్లలో పూర్తి లోడు వద్దు. అలాగని ఖాళీ బండిని ఒకే వేగంతో తోలినా రింగులు సరిగా కూర్చోవు, వేగం మారుస్తూ ఉండాలి. వెనక ఇరుసు గేర్లుండే హౌసింగ్‌లోని ఆయిలు మాత్రం తొందరగా మార్పించండి. కొత్త క్రౌన్, పినియన్ గేర్లు ఒరుసుకున్న పొడి అందులోనే తిరుగుతుంటుంది, దానికి ఫిల్టరు లేదు. నట్టు అయస్కాంతానికి బూడిదరంగు ముద్ద అంటితే మామూలే, మెరిసే రేకులు కనిపిస్తే వారంటీ కింద విప్పించాలి. హౌసింగ్‌కు జీఎల్-5 రకం గేరు ఆయిలు, గేరుబాక్సుకు పుస్తకంలో జీఎల్-4 ఉంటే జీఎల్-4 మాత్రమే; జీఎల్-5 పోస్తే ఇత్తడి సింక్రో రింగులు దెబ్బతినొచ్చు. మొదటి లోడ్లు తోలాక కమాన్లను (స్ప్రింగు పట్టీలను) ఇరుసుకు పట్టి ఉంచే యూ బోల్టులు మళ్లీ బిగించాలి. తాడిపత్రి వైపు బండలు తోలేవాళ్లు ఎయిర్ ఫిల్టరును కంప్రెసరుతో ఊదొద్దు, కాగితం చిల్లుపడి రాతిపొడి నేరుగా లోపలికి పోతుంది.

బండి మీద నా తీర్పు అడిగితే, బెంగళూరు, హైదరాబాదు లోడ్లుండే నెలల్లో దీనితో ఏ గొడవా లేదు. అప్పుడు గేజు మట్టం కదలదు, పుస్తకం గడువు దాకా ఆయిలు ఉంచినా నాకు భయం లేదు. తోటకూ యార్డుకూ మధ్యే తిరిగే నెలల్లో సగం గడువు ఆయిలు ఖర్చు కలిపితే, మైలేజీలో మిగిలిందంతా అటే పోతోంది. రోజంతా ఊళ్లోనే తిరిగి, హైవే ఎక్కే పనే లేనివాళ్లకు ఈ డీజిల్ బండి నేను చెప్పను. లోడు సరిపోతే పెట్రోలు, సీఎన్‌జీ చిన్న బండ్లను ముందు చూడమంటాను. నాకు హైవే లోడ్లున్నాయి కాబట్టి ఉంచుకున్నాను.