నాటు కోడి, వనరాజా: మన పెరటికి ఏది?

చిత్తూరు, తిరుపతి పల్లెల్లో పెరటి కోళ్లు పెంచాలనుకునే వారికి ఎప్పుడూ ఉండే సందేహమే ఇది.

ఖర్చు: నాటు పెట్ట తానే పొదిగి పిల్లలను లేపుతుంది. హైదరాబాద్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ రూపొందించిన వనరాజా రకం కోడి సాధారణంగా పొదగదు. ప్రతి విడతకూ పిల్లలను కొనాల్సిందే.

రాబడి: నాటు పెట్ట ఏడాదికి 50-60 గుడ్లు పెడుతుంది. వనరాజా 100 దాకా పెడుతుంది, బరువూ త్వరగా వస్తుంది. కానీ సంతలో నాటు కోడికే ధర ఎక్కువ.

శ్రమ: నాటు పిల్లలకు తల్లి రెక్కలే చాలు. వనరాజా పిల్లలకు మొదటి కొన్ని వారాలు బల్బు వెచ్చదనం, మంచి దాణా ఇవ్వాలి.

అపాయం: అసలు తేడా ఇక్కడే. గద్ద కనబడగానే నాటు పెట్ట గొంతు మారుస్తుంది. పిల్లలు చటుక్కున కంపలో దూరి కదలకుండా నక్కుతాయి. తల్లి లేని వనరాజా పిల్లలకు ఆ హెచ్చరిక ఎవరిస్తారు? పెద్దయ్యాక వాటి బరువే వాటికి ఇబ్బంది. శ్రీకాళహస్తి వైపు మే ఎండలో నోరు తెరిచి రొప్పుతాయి. చెట్టు నీడ, చల్లని నీళ్లు తప్పవు. కుప్పం, పలమనేరు వాతావరణం వాటికి కొంత నయం.

నాటు కోడికి జబ్బులు రావన్న మాట నమ్మకండి. కొక్కెర తెగులు దొడ్డినంతా ఊడ్చేస్తుంది. టీకా రెండింటికీ వేయించాల్సిందే.

అడవి అంచున ఇల్లు, పగలంతా పొలం పని ఉంటే నాటు కోడే మేలు. కంచె, నీడ, ఇంటిపట్టున చూసుకునే మనిషి ఉండి, ఇంట్లోని చిన్నారులకు రోజూ గుడ్డు పెట్టాలనుకుంటే వనరాజా తెచ్చుకోండి.