కోర్టు మీడియేషన్ సెంటర్: ఫీజు లేదు, తలుపు సరిగ్గా పడదు, 5కి 4

జిల్లా కోర్టు వెనక బిల్డింగ్‌లో ఉండే మీడియేషన్ సెంటర్ (మధ్యవర్తి ఇరువైపులవాళ్లనీ కూర్చోబెట్టి రాజీకి సాయం చేసే చోటు) గురించి ఎవరూ రాసినట్టు కనబడలేదు, అందుకే రాస్తున్నా. నాన్న కట్టిన ఇంటి మీద మా అన్నయ్యకీ తమ్ముడికీ పార్టిషన్ (వాటాల పంపకం) దావా నడుస్తుంటే జడ్జిగారే సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 89 కింద, అంటే కోర్టు బయట రాజీ ప్రయత్నానికి, ఇక్కడికి పంపారు.

పేరుకి ఇల్లే గానీ అసలు పేచీ వేరు. తమ్ముడు చర్చికి వెళ్తాడు, తన వాటాలో ఆదివారం ప్రేయర్ పెట్టుకుంటానంటాడు, నాన్న తద్దినం పెట్టే ఇంట్లో అదెలా కుదురుతుందని అన్నయ్య. ఊళ్లో పెద్దమనుషులు కూర్చుని తప్పెవరిదో తేల్చబోయి గొడవ ఇంకాస్త పెంచి వెళ్లారు.

ఇక్కడి మీడియేటర్ (మధ్యవర్తి) మేడమ్ ఆ జోలికే పోలేదు. ముందు ఇద్దరితో విడివిడిగా మాట్లాడి, తర్వాత ఎదురెదురుగా కూర్చోబెట్టి ఒకటే షరతు పెట్టారు: అవతలివాళ్లు చెప్పింది నీ నోటితో తిరిగి చెప్పు, వాళ్లు ‘అవును, అదే’ అన్నాకే నీ జవాబు. అన్నయ్య మొదలెట్టడమే "వీడికి నాన్నంటే లెక్కలేదు" అన్నాడు. "నేనలా అన్లేదు" అన్నాడు తమ్ముడు. మళ్లీ చెప్పమన్నారు. అన్నయ్య కాసేపు గింజుకుని, "పిండం దగ్గరికి రాడట, భోజనాల ఖర్చు పెట్టుకుంటాడట, వచ్చినవాళ్లకి వడ్డిస్తాడట" అన్నాడు. తమ్ముడు ఈ మాట మొదట్నుంచీ చెబుతున్నదే, అన్నయ్య చెవికెక్కింది మాత్రం అప్పుడే. తమ్ముడి వంతు వచ్చినప్పుడు వాడూ నసిగాడు గానీ, చివరికి "తను పోయాక నాన్నకి పెట్టేవాళ్లుండరని అన్నయ్య భయం" అన్నాడు. అన్నయ్య తలూపాడు.

మతం విషయంలో ఇద్దరూ అంగుళం కదల్లేదు, అక్కడ ఎవరూ కదలమనీ అడగలేదు. తద్దినం రోజు ఇల్లంతా అన్నయ్యది, ప్రేయర్‌కి మైకుండదు, తమ్ముడి వాటాకి విడిగా గుమ్మం. రాజీ పత్రం మీద కోర్టు డిక్రీ (తీర్పు ఉత్తర్వు) ఇచ్చింది, దావా వేసినప్పుడు కట్టిన కోర్టు ఫీజు కూడా వాపసు వస్తుంది.

ఇక లోపాలు. లోపల మాట్లాడింది రహస్యం అంటారు, ఆ తలుపేమో సరిగ్గా పడదు, బయట బెంచీ మీద వాయిదా కోసం కూర్చున్నవాళ్లకి మా ఇంటి సంగతులన్నీ తెలిసిపోయాయి! మంచినీళ్లు మీరే తెచ్చుకోవాలి. మీడియేటర్లందరూ ఒకేలా ఉండరు, పక్క గదిలో ఒకాయన రామలక్ష్మణుల మీద ఉపన్యాసం దంచుతున్నారు, మాకు ఆయన పడుంటే టీ వచ్చేలోపు లేచి వచ్చేసేవాళ్లం. కొట్టడం, బెదిరించడం ఉన్న ఇళ్లకైతే ఈ ఎదురెదురు కూర్చోవడం నేను చెప్పను, ముందు లాయర్‌ని కలవండి.

దావా ఇంకా వెయ్యనివాళ్లు 15100కి ఫోన్ చేసి న్యాయసేవాధికార సంస్థ వాళ్లని అడగండి. వెళ్తే పొద్దున్నే వెళ్లండి, మధ్యాహ్నానికి అందరికీ విసుగొస్తుంది.