మత్తు వ్యతిరేక అవగాహన సదస్సు: అనంతపురం కాలేజీలకు ఏ మేరకు పనికొస్తుంది?

అనంతపురం చుట్టుపక్కల డిగ్రీ, ఇంజినీరింగ్ కాలేజీల్లో ఒక స్వచ్ఛంద సంస్థ ఉచితంగా చేస్తున్న గంటన్నర సదస్సు ఇది. ప్రొజెక్టరు వాళ్లే తెచ్చుకుంటారు, హాలూ మైకూ కాలేజీవి. మార్కులు ముందే చెప్పేస్తే, చట్టం భాగానికి 5కి 4, మిగతా మొత్తానికి 2.

చట్టం దగ్గర నసుగుడు లేదు. మత్తుమందులను కట్టడి చేసే 1985 ఎన్‌డీపీఎస్ చట్టం ప్రకారం కిలోకి తక్కువ గంజాయి దొరికినా ఏడాది దాకా జైలు, లేదంటే 10 వేల రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. 20 కిలోలు దాటితే కనీసం పదేళ్లు. పిల్లలు సెల్లు పక్కన పెట్టి విన్నది ఈ పది నిమిషాలే.

అదే చట్టంలోని 64ఏ సెక్షన్ ఊసు మాత్రం ఎక్కడా రాలేదు. కొద్ది మోతాదుతోనో, వాడుతూనో దొరికిన వ్యసనపరుడు తనంతట తాను ప్రభుత్వ గుర్తింపున్న కేంద్రంలో చికిత్సకు ఒప్పుకుని పూర్తి చేస్తే ఆ కేసులో ప్రాసిక్యూషన్ నుంచి మినహాయింపు ఉంటుంది. మధ్యలో వదిలేస్తే ఆ మినహాయింపు పోవచ్చు. జైలు గురించే చెప్పి ఇది చెప్పకపోతే, బయటపడాలనుకున్న పిల్లోడు ఇంకా లోపలికి దాక్కుంటాడు.

అసలు చిక్కు చివర్లో చేయించే ప్రతిజ్ఞతో వచ్చింది. 'ఈ క్షణం నుంచే అన్నీ మానేస్తా' అని చేయి చాపించి చెప్పిస్తారు. గంజాయికైతే ఫరవాలేదు: మానితే వారం పది రోజులు నిద్ర పట్టదు, చిరాకు, ఆకలి మందం, అంతే. నెలల తరబడి అల్ప్రాజోలం (ఆందోళనకు రాసే మత్తు మాత్ర) మింగుతున్నవాడో, రోజూ తెగ తాగేవాడో ఉన్నట్టుండి ఆపేస్తే ఫిట్స్ రావచ్చు. మద్యం మానినవాళ్లకు మొదటి రెండు రోజులు అందుకు గండమే, ఆ తర్వాత మతి తప్పే దశ కూడా రావచ్చు. వీళ్లు డాక్టరు చూస్తుండగా మోతాదు తగ్గించుకుంటూ మానాలి. ప్రతిజ్ఞ పత్రంలో ఈ ఒక్క వాక్యం చేర్చమని పిలిచేవాళ్లు పట్టుబట్టాలి.

టేబుల్ మీద పెట్టిన నమూనాల పెట్టె ఇంకో తప్పు. ఎర్రగీత ఉన్న మాత్రల స్ట్రిప్పు, వైట్‌నర్ సీసా, దాన్ని ఒంపుకునే గుడ్డ వరుసగా సర్ది, ఎలా పీలుస్తారో కూడా చూపించారు. ఇది పాఠమా, ప్రదర్శనా? దాని బదులు చెప్పాల్సింది వేరే ఉంది. థిన్నరో వైట్‌నరో పీలుస్తూ దొరికినవాణ్ణి అరిచి, తరిమి భయపెట్టకూడదు. ఆ ఆవిరికి అప్పటికే గుండె లయ సున్నితమై ఉంటుంది, ఉలిక్కిపడితే ఆగిపోయే ప్రమాదం ఉంది. కిటికీలు తెరిచి, నెమ్మదిగా కూర్చోబెట్టి, 108కి ఫోన్ చేయాలి. స్పృహ తప్పితే పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, నోట్లో నీళ్లు పోయకూడదు. ఫిట్స్ వచ్చాయని చేతిలో తాళాలు పెట్టడం అసలే వద్దు.

అంతర్జాతీయ సహకారం మీద నాలుగు స్లైడ్లు. మత్తుమందుల కట్టడికి దేశాలు చేసుకున్న 1961, 1971, 1988 ఒప్పందాలు, మాదకద్రవ్యాల వ్యతిరేక దినంగా 1987లో ఐక్యరాజ్యసమితి ప్రకటించిన జూన్ 26, వెరసి తేదీల పట్టిక. పిల్లలు ఆవలించారు. గంజాయి మొక్క ఆకుతో చేసే భాంగును చట్టం ఎందుకు వేరుగా చూస్తుంది అని ఒకరు అడిగితే 'అది సంప్రదాయం' అని దాటేశారు. జవాబు అదే స్లైడులో ఉంది: 1961 ఒప్పందం గంజాయి అంటే పూత, కాపు ఉన్న కొసలని చెప్పి, కొసలు కలవని ఆకును, గింజలను పక్కన పెట్టింది. మన చట్టమూ అదే బాట పట్టింది. 1988 ఒప్పందంలోనూ చెప్పుకోదగ్గ సంగతి ఉంది. హెరాయిన్ తయారీలో వాడే అసిటిక్ అన్‌హైడ్రైడ్ లాంటి రసాయనాలను ఎగుమతి చేసేముందు అవతలి దేశానికి కబురు పంపే పద్ధతికి పునాది అక్కడే. కెమిస్ట్రీ పిల్లలకు ఇలా చెబితే నిద్ర వస్తుందా?

పద్ధతి విషయానికొస్తే, ఐక్యరాజ్యసమితి మాదకద్రవ్యాల కార్యాలయం 2013లో తెచ్చిన నివారణ ప్రమాణాలు ఒంటి ఉపన్యాసం, భయపెట్టడం, మాజీ వ్యసనపరుల అనుభవాలు పనిచేసినట్టు ఆధారం లేదంటాయి. పనిచేసేది వారానికొకటి చొప్పున 10 నుంచి 15 తరగతులు, శిక్షణ పొందినవాళ్లతో, మాట్లాడించే పద్ధతిలో. గంటన్నరలో అంత కుదరదు, నిజమే. ఉన్నంతలో పది నిమిషాల నటన పెట్టించవచ్చు. 'ఒక్క దమ్ము లాగప్పా, ఏం గాదు' అని ఒకడంటే, ఇంకొకడు గొడవ లేకుండా 'వద్దులే మామా, నేను బస్సు పట్టుకోవాల' అని తప్పుకోవడం నలుగురి ముందు చేసి చూపాలి. ఈ సదస్సులో అది లేనే లేదు.

ఫోన్ నంబర్లు ఆఖరి స్లైడులో మెరుపులా వచ్చి పోయాయి. మానాలనుకునేవాళ్లకు 14446. అమ్మకాల సమాచారం ఇవ్వడానికి రాష్ట్రంలో ఈగల్ (పోలీసుల మత్తుమందుల నిరోధక విభాగం) వాళ్ల 1972, దేశవ్యాప్తంగా 1933. 14446 సలహాకు, 1972 ఫిర్యాదుకు, 1933 ఫిర్యాదుకూ సలహాకూ. ఈ తేడా చెప్పకపోతే భయపడి ఎవరూ ఏదీ నొక్కరు. హాస్టల్ నోటీసు బోర్డు మీద 14446ని వేరే కాగితం మీద పెద్ద అక్షరాలతో అంటించుకోండి.

పిలవాలనుకుంటే జూన్ 26 వారాన్ని వదిలేయండి, ఆ రోజుల్లో రెండు కాలేజీలకు ఒకే పూట పరుగెత్తుతారు. ఫస్టియర్లు హాస్టల్లో చేరిన నెలలో, ఒక్కో సెక్షన్‌కు విడిగా చేయమని అడగండి. నమూనాల పెట్టె తేవద్దని ఫోన్లోనే చెప్పేయండి.