వీపు వెనుక విసుర్లకు గింజల బంతులు: పద్నాలుగు నెలల వాడకం తరువాత

గుడ్డలో చిరుధాన్యం నింపి కుట్టిన ఐదు జగ్లింగ్ (బంతులను వరుసగా గాలిలోకి ఎగరేసి పట్టే ఆట) బంతులను నిరుడు ఏప్రిల్‌లో ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నాను. ఒక్కొక్కటి 67 మిల్లీమీటర్ల వ్యాసం, 120 గ్రాముల బరువు. నల్లకుంటలోని మా డాబా మీద రోజూ ఉదయం అరగంట సేపు వీటితో చేసిన సాధన ఒక్కటే: బ్యాక్‌క్రాస్. చేతిని నడుము వెనక్కి తిప్పి, బంతిని రెండో వైపు భుజం మీదుగా పైకి పంపి, ముందు వైపు రెండో చేత్తో అందుకోవడాన్ని అలా అంటారు. ఈ సమీక్ష ఆ విసురుకే పరిమితం.

మామూలు విసుర్లకు ఈ బంతులు మెత్తన అని చాలామంది వంక పెడతారు. వీపు వెనుక మాత్రం ఆ మెత్తదనమే అక్కరకు వస్తుంది. జగ్లింగ్‌కు గణితవేత్త క్లాడ్ షానన్ ఇచ్చిన సూత్రం ప్రకారం బంతి గాలిలో ఉండే కాలం, చేతిలో ఉండే కాలం, చేయి ఖాళీగా ఉండే కాలం ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయి. వెనక్కి వెళ్లే చేయి బంతిని ఎక్కువసేపు మోస్తుంది, ఖాళీగా తిరిగి రావడానికీ ఎక్కువసేపు తీసుకుంటుంది కాబట్టి, బంతి గాలిలో ఎక్కువసేపు నిలవక తప్పదు. 0.6 సెకను నిలిచే బంతికి 44 సెంటీమీటర్ల ఎత్తు చాలు, 0.9 సెకను నిలవాలంటే దాదాపు మీటరు ఎత్తుకు వెళ్లాలి. అంత ఎత్తు నుంచి, చివరి క్షణం వరకు సరిగా కనబడకుండా భుజం దాటి వచ్చే బంతి చేతిలో ఎగిరిపడకుండా అణిగిపోవాలి, మణికట్టు మెలి తిరిగినా అరచేతిని అంటిపెట్టుకుని ఉండాలి. గింజల బంతి ఈ రెండు పనులూ చేస్తుంది. రంగు విషయంలో పసుపు మేలు. తెల్లవారి ఆకాశంలో నీలం బంతి కలిసిపోతుంది.

మొదటి నెలలో విసుర్లు పిట్టగోడ దాటి పక్క డాబా మీది వడియాల్లో పడేవి. "ఇంకో రెండు పడితే పులుసు పెట్టేస్తాను బాబూ" అని పక్కింటి పిన్నిగారు బంతి తిరిగి ఇచ్చేవారు. ఆ దశలో ప్రతి మూడో విసురును మాత్రమే వెనుక నుంచి వేయడం మంచిది. మూడు బంతులతో ఆడుతున్నప్పుడు అలా వెనక్కి వెళ్లేది ఎప్పుడూ ఒకే బంతి, అదీ ఒకసారి కుడిచేత్తో, మరోసారి ఎడమచేత్తో. కాబట్టి పసుపు బంతి ఒక్కదాన్నే గమనిస్తే సరిపోతుంది. రెండో విసురుకొకసారి వేస్తే పని మొత్తం ఒకే చేతిపై పడి, రెండో చేయి మొద్దుబారుతుంది.

మూడు బంతుల తరువాతి మెట్టు ఐదే. చేతులు మార్చి మార్చి వేసే పద్ధతిలో నాలుగు బంతుల మామూలు విసుర్లు వేసిన చేతికే తిరిగి వస్తాయి గనుక బ్యాక్‌క్రాస్‌కు కావలసినట్టు అన్నీ రెండో చేతికి దాటడం కుదరదు. మూడింటితో నా రికార్డు 112 పట్లు. ఐదింటితో ఏడు. లెక్కలో విసుర్లు కాక పట్లే చూస్తారు: ప్రతి బంతినీ ఒకసారి పడితే ఫ్లాష్, రెండేసి సార్లు పడితే క్వాలిఫై. బ్రిటన్‌కు చెందిన ఆలెక్స్ బారన్ 2012లో 11 బంతులతో, వీపు వెనుక నుంచి కాదు, ముందు నుంచే, 23 పట్లు పట్టినప్పుడు క్వాలిఫైకి కావలసిన 22 దాటారు. ఆ లెక్కన నా ఏడు పట్లు ఫ్లాష్‌ను దాటాయి, క్వాలిఫైకి మూడు తక్కువ.

ఇక ఫిర్యాదు. వానాకాలంలో ఒక బంతి ముక్క వాసన పట్టి, కుట్టు సందులోంచి పురుగులు బయటికి వచ్చాయి. ధాన్యానికి హామీ లేదని అమ్మినవారు చేతులు దులుపుకున్నారు. బేగంబజార్‌లో వరిగలు కొని, ఒక రోజు ఎండబెట్టి, వంటింటి తూకంలో 120 గ్రాములు తూచి నేనే నింపి కుట్టాను. ఐదింటినీ ఒకేసారి విప్పి నింపవలసింది. పాతవి నాలుగూ వాడి వాడి వదులయ్యాయి. కొత్తగా నింపినది బిగువుగా ఉండి, చేయి ఇంకా నడుము దాటకముందే వేళ్లలోంచి జారి, నేరుగా నా చెవికి తగులుతోంది.