హెప్ సి మందు ఎక్కడ మొదలుపెట్టాలి: పెద్దాసుపత్రా, ప్రైవేటా, ఓఎస్‌టీ సెంటరా? సూదితో మత్తు ఎక్కించుకునేవాళ్ళకి ఏది మేలు?

హెచ్‌సీవీ, అంటే రక్తం ద్వారా అంటుకుని లివర్‌ని పాడుచేసే హెపటైటిస్ సి వైరస్, పాజిటివ్ అని రిపోర్ట్ చేతికొచ్చాక ఇంట్లోవాళ్ళు అడిగే మొదటి మాట ఒకటే, ఇప్పుడు వీణ్ణి ఎక్కడికి తీసుకెళ్ళాలన్నా అని. ఒకాయన పెద్దాసుపత్రికి పొమ్మంటాడు, ఇంకొకాయన సూర్యారావుపేటలో మంచి గ్యాస్ట్రో డాక్టర్ ఉన్నాడంటాడు, పిన్నిగారెవరో పసరు పోయించమంటారు. పసరు సంగతి ఒక్క ముక్కలో తేల్చేస్తా. అది కామెర్లకని పోస్తారు, హెప్ సి ఉన్నోడికి చాలాసార్లు అసలు కామెర్లే కనపడవు, లోపల ఇరవై ఏళ్ళపాటు లివర్ పాడవుతున్నా మనిషి మామూలుగానే తిరుగుతుంటాడు. కాబట్టి పసరు తీసేయండి. మిగిలినవి మూడు: పెద్దాసుపత్రి, ప్రైవేట్, ఓఎస్‌టీ సెంటర్ (మత్తు సూదికి బదులు రోజూ టాబ్లెట్ ఇచ్చే చోటు). నేను విజయవాడలో టీఐ ప్రాజెక్ట్‌లో (హెచ్‌ఐవీ రిస్క్ ఎక్కువున్నవాళ్ళ మధ్య చేసే ప్రోగ్రామ్) ఫీల్డ్ పని చేస్తుంటా, సూది వాడేవాళ్ళతోనే నా రోజంతా, అందుకే నా మొగ్గు ఎటో మీకు ఈజీగానే తెలిసిపోద్ది, అయినా మూడూ చెప్తా.

ముందు ఒకటి, మందు ఎక్కడైనా దాదాపు అదే. లివర్ గట్టిపడని వాళ్ళకి సోఫోస్బువిర్ 400, డక్లాటాస్విర్ 60, రోజుకొకసారి, 12 వారాలు, నూటికి 95 మందికి పైగా పూర్తిగా తగ్గిపోద్ది. ఇదివరకు ఇంటర్‌ఫెరాన్ ఇంజెక్షన్లు ఉండేవి, 48 వారాల దాకా కూడా, జ్వరాలు, డిప్రెషన్, అబ్బో. ఆ టైంలో డాక్టర్లు ముందు మత్తు మానేసి రా అంటే అర్థం ఉందేమో గానీ ఇప్పటి టాబ్లెట్లకి ఆ రూల్ అక్కర్లేదు, ఇంకా సూది వాడుతున్నా సరే ట్రీట్మెంట్ ఇవ్వమనే డబ్ల్యూహెచ్‌ఓ చెప్తోంది. ఖరీదు మాటకొస్తే 2013 చివర్లో అమెరికాలో సోఫోస్బువిర్ వచ్చినప్పుడు ఒక్క టాబ్లెట్ వెయ్యి డాలర్లు, తర్వాత మన నాట్కో, హెటిరో లాంటి కంపెనీల జెనరిక్‌లు 2015లో వచ్చాయి, 2018 జులై 28న కేంద్రం హెపటైటిస్ ప్రోగ్రామ్ మొదలెట్టి టెస్టులూ మందులూ ఫ్రీ చేసింది. అంటే మందు దొరకడం ఇప్పుడు పెద్ద సమస్య కాదు. మొదటి టెస్ట్ నుంచి ఆఖరి టాబ్లెట్ దాకా మనిషి ఎక్కడ నిలబడతాడు అన్నదే చూడాలి.

పెద్దాసుపత్రికి ఒక బలం ఉంది, దాన్ని తక్కువ చేయను. పొట్టలో నీరు చేరినవాళ్ళు, రక్తం కక్కుకున్నవాళ్ళు, లివర్ గట్టిపడి సిర్రోసిస్ దాకా వెళ్ళినవాళ్ళు ఇంకెక్కడికీ వెళ్ళొద్దు, వాళ్ళకి కాంబినేషన్ మారుద్ది, వెల్పటాస్విర్ అనీ రైబావిరిన్ అనీ ఉంటాయి, స్కానింగ్ కావాలి. టీబీ మందులు వాడేవాళ్ళూ అంతే, రిఫాంపిసిన్‌తో ఈ టాబ్లెట్లు కలిపి వాడకూడదు, అది పెద్ద డాక్టరే చూడాలి.

కానీ మామూలు కేసుకి అక్కడి పొద్దున ఎలా ఉంటదో ఒకసారి చూడండి. ఓపీ చీటీ లైన్, ఆధార్ ఏదిరా అంటే లేదు, పర్సు ఎప్పుడో పోయింది. చీటీ వచ్చేసరికి తొమ్మిదిన్నర, అప్పటికే మత్తు దిగిపోయి వాడికి ఆవలింతలు, ముక్కు కారడం, ఒళ్ళు లాగడం మొదలు, ఇంకో గంట ఆగితే నిలబడలేడు. పక్కన నేనుంటే టీ తాగించి కూర్చోబెడతా, లేకపోతే జారుకుంటాడు, వాణ్ణి తప్పు పట్టలేం. తీరా లోపలికెళ్తే బ్లడ్ తీసే చోట ఇంకో తంతు. చేతుల్లో నరాలన్నీ మూసుకుపోయి ఉంటాయి, టెక్నీషియన్ అమ్మాయి ఇటు పొడిచి అటు పొడిచి చెమటలు పట్టేస్తది, వీడేమో మేడం ఇలా ఇవ్వండి నేను తీస్తా, ఈ వేలి పక్కన దొరుకుద్ది అంటాడు, వాడు చెప్పింది నిజం కూడా, కానీ వెనకాల లైన్లో వాళ్ళందరికీ వీడెవడో అర్థమైపోద్ది. మళ్ళీ ఆ గుమ్మం తొక్కడు. పైగా యాంటీబాడీ టెస్ట్ (వైరస్ ఎప్పుడైనా సోకిందా అని చూసేది) ఒకరోజు, ఆర్‌ఎన్‌ఏ టెస్ట్ (ఇప్పుడు రక్తంలో వైరస్ ఉందా అని చూసేది) ఇంకో రోజు, రిపోర్ట్ మరో రోజు, మందు ఇంకోసారి. నేను చూసినంతలో మందు పడక ఆగిపోయినోళ్ళు తక్కువ, ఈ తిరుగుళ్ళ మధ్యలో మాయమైనోళ్ళే ఎక్కువ.

ప్రైవేట్‌లో ఈ గొడవ లేదు, సాయంత్రం అపాయింట్‌మెంట్, ఏసీ గది, ఎవరికీ తెలీదు. ఉద్యోగం చేసుకునేవాడు, పెళ్ళి సంబంధాలు చూస్తున్న ఇల్లు, వీళ్ళకి అదే నయం, కాదనను. ఖర్చు మాత్రం ఆర్‌ఎన్‌ఏ టెస్ట్‌తో కలిపి వేలల్లో ఉంటది, జెనరిక్ రాయమని నోరు తెరిచి అడగండి. ఇంకోటి కూడా చూశా, డబ్బు పెట్టింది నాన్న కాబట్టి రోజూ ఆ టాబ్లెట్ డబ్బా లెక్క పెడతాడు, ఒకటి తేడా వస్తే ఇంట్లో యుద్ధం, వాడు అలిగి బయటికి పోయాడంటే మిగతా టాబ్లెట్లు అలమారలోనే.

ఇక ఓఎస్‌టీ సెంటర్. అక్కడికి వాడు ఎలాగూ రోజూ వస్తాడు, ఎవరూ లాక్కురానక్కర్లేదు. నర్సు మత్తు సూదికి బదులిచ్చే బుప్రెనార్ఫిన్ టాబ్లెట్ పొడి చేసి నాలుక కింద వేసి కరిగేదాకా నిలబెడుతుంది, అదే టైంలో హెప్ సి టాబ్లెట్లు రెండూ ఓ గ్లాసు నీళ్ళతో మింగించేస్తే ఆ రోజుకి పని అయిపోయినట్టే, రెండిటికీ పడకపోవడం లాంటిది కూడా లేదు. డోస్ పడ్డాక ఒళ్ళు కుదుటపడి ఉంటాడు కాబట్టి మాట కూడా వింటాడు. బస్టాండ్ వెనకో ఫ్లైఓవర్ కిందో పడుకునేవాడికి 28 టాబ్లెట్ల డబ్బా చేతిలో పెడితే వర్షానికి తడుస్తుంది, లేకపోతే ఎవడో ఎత్తుకుపోతాడు, ఇక్కడైతే బీరువాలో వాడి పేరు మీద ఉంటది. వేలి కొన నుంచి తీసిన చుక్కతో గంటలో ఆర్‌ఎన్‌ఏ చెప్పే మెషిన్లు కూడా ఉన్నాయి, అవి ఇలాంటి చోట పెడితే నరాల వేట తప్పుద్ది.

మళ్ళీ సూది పంచుకుంటే మళ్ళీ వస్తుంది కదా, మందులు దండగ కదా అంటారు. వస్తది, టీకా లేదు, ఒకసారి తగ్గినా రక్షణ ఉండదు. కానీ అందుకే కదా కొత్త సిరంజి ఇచ్చే చోటే మందూ ఇమ్మనేది. ఓఎస్‌టీలో ఉంటే హెప్ సి అంటుకునే రిస్క్ సుమారు సగం తగ్గుద్దని చాలా స్టడీలు కలిపి చూసిన 2017 కాక్రేన్ రివ్యూలో తేలింది, సిరంజీలు కూడా సరిపడా ఇస్తే ఇంకా తగ్గుద్ది. ఒకడికి తగ్గితే వాడితో సూది, దూది, నీళ్ళు పంచుకునే నలుగురికీ రిస్క్ తగ్గినట్టే.

అయితే అన్ని ఓఎస్‌టీ సెంటర్లలోనూ హెప్ సి మందు ఉంటదనుకోవద్దు, ముందు కనుక్కోండి. లేకపోతే నేను చేసేది ఇది: సెంటర్లో పొద్దున డోస్ వేయించాకే వాణ్ణి పెద్దాసుపత్రికి తీసుకెళ్తా, ఓఆర్‌డబ్ల్యూ (మాలాంటి ఫీల్డ్ వర్కర్) తోడు తప్పనిసరి, ప్లేట్‌లెట్స్, ఎల్‌ఎఫ్‌టీ (లివర్ టెస్ట్), హెపటైటిస్ బి, ఆర్‌ఎన్‌ఏ శాంపిల్స్ ఒకే రోజు ఇచ్చేలా డాక్టర్‌ని బతిమాలతా, ప్లేట్‌లెట్స్, ఎస్‌జీఓటీ (ఎల్‌ఎఫ్‌టీలో వచ్చే ఒక లివర్ ఎంజైమ్) లెక్కతోనే లివర్ గట్టిపడిందో లేదో చాలామందికి ఓ అంచనా వచ్చేస్తది. నెల డబ్బా తీసుకొచ్చి సెంటర్లో పెట్టేస్తాం. ఇల్లూ వాకిలీ సరిగా ఉన్నవాడికి మాత్రం డబ్బా చేతికే ఇస్తా, వాణ్ణి రోజూ నిలబెట్టడం అవమానం. ఒకటి రెండు రోజులు మిస్సయినా తిట్టొద్దు, అలా మధ్యలో తప్పిన వాళ్ళలో కూడా చాలామందికి తగ్గుతుంది, ఆపేయకుండా కంటిన్యూ చేయాలి.

ఆడవాళ్ళ దగ్గర మాత్రం నా ఓటు మారుద్ది. సెంటర్ నిండా మగాళ్ళే ఉంటే వాళ్ళు గేటు దాకా కూడా రారు, వాళ్ళకి తెలిసిన లేడీ పీర్‌తో (వాళ్ళలాంటి అనుభవమే ఉన్న కార్యకర్త) పెద్దాసుపత్రో, స్తోమత ఉంటే ప్రైవేటో మేలు.

మందు అయిపోయిన 12 వారాలకి చేసే చివరి టెస్ట్ ఎక్కడైనా చేయించుకోండి, కానీ ఆర్‌ఎన్‌ఏ అనే రాయించుకోండి. యాంటీబాడీ కార్డ్ టెస్ట్ చేస్తే పూర్తిగా తగ్గినా పాజిటివే చూపిస్తది, అది చూసి మందు పనిచేయలేదని ఇంట్లోవాళ్ళు మళ్ళీ మొదటికొస్తారు.