కాపీ అయితే సరిపోదు, లేవాలి కదా: కోవూరు మిల్లులో ప్రాక్స్‌మాక్స్

ఒకే మెషీన్ మీద వర్చువల్ మెషీన్లని (వీఎంలు, అంటే సాఫ్ట్‌వేర్‌తో చేసిన కంప్యూటర్లు) నడిపే ప్రాక్స్‌మాక్స్ బాగుందా అని అడిగేవాళ్లకి ముందే చెప్పేస్తున్నా, బాగుంది, 5కి 4 ఇస్తా. కానీ దాని వెబ్‌పేజీలో ఇంపోర్ట్ బటన్ చూసి ఒక్క పూటలో పని అయిపోతుందని ఎవరికీ మాటివ్వకండి. నేను ఇచ్చాను. మూడు రాత్రులు పట్టింది.

నేను నెల్లూరులో చిన్న ఆఫీసులకీ మిల్లులకీ కంప్యూటర్లు చూస్తుంటాను. కోవూరు దగ్గర ఒక రైస్ మిల్లులో వీఎంవేర్ వాళ్ల ఈఎస్ఎక్స్ఐ 5.5 (అదీ వీఎంలని నడిపేదే) మీద ఒకే ఒక్క వీఎం నడుస్తుండేది, అందులో విండోస్ సర్వర్ 2008 ఆర్2, దాంట్లో ధాన్యం లెక్కల సాఫ్ట్‌వేర్. 5.5కి సపోర్ట్ 2018లోనే ఆగిపోయింది, 2008 ఆర్2కి 2020 జనవరిలో. మరి సాఫ్ట్‌వేరే కొత్తది కొనొచ్చు కదా అంటారు. మా వైపు లెక్క పుట్టిలో కదయ్యా, నెల్లూరు పుట్టి అంటే 850 కిలోలు, కాటా చీటీ నుంచి రైతు ఖాతా దాకా అంతా ఆ పుట్టి లెక్క మీద రాయించుకున్న ప్రోగ్రాం అది. చేసిచ్చిన కంపెనీకి ఫోన్ చేస్తే ఆ వెర్షన్ తెలిసినవాళ్లు ఇప్పుడు మా దగ్గర లేరు, కొత్తది తీసుకోండి అన్నారు. అందుకే లోపలి సామాను కదలకుండా ఇల్లు మాత్రం మార్చాలని కూర్చున్నా. పాత సర్వర్ అప్పటికే బీప్ బీప్ అంటోంది, మార్చిలో కోతలు మొదలైతే మిల్లులో ఊపిరి తీసుకునే టైం ఉండదు.

మళ్ళీ ఈఎస్ఎక్స్ఐ వైపే ఎందుకు పోలేదంటే, వీఎంవేర్ కంపెనీ బ్రాడ్‌కామ్ చేతికి వెళ్లాక ఉచిత వెర్షన్‌ని 2024 ఫిబ్రవరిలో ఆపేశారు, 2025 ఏప్రిల్‌లో మళ్ళీ ఇచ్చారు. ఈ దాగుడుమూతలు మిల్లుకెందుకని వదిలేశా. ప్రాక్స్‌మాక్స్ ఓపెన్ సోర్స్, డబ్బు కట్టకుండానే అన్నీ పనిచేస్తాయి, లాగిన్ అయినప్పుడల్లా సబ్‌స్క్రిప్షన్ లేదని ఒక పెట్టె వస్తుంది, అంతే. అప్‌డేట్లు రావాలంటే మాత్రం సబ్‌స్క్రిప్షన్ అక్కర్లేని రిపాజిటరీకి (అప్‌డేట్లు దించుకునే చోటు) మార్చుకోవాలి.

ముందు మా ఇంట్లో పాత డబ్బా మీద ట్రయల్ వేశా. వీఎం స్టార్టే కాలేదు. వెర్షన్ 8 నుంచి కొత్త వీఎంకి డిఫాల్ట్‌గా ఇచ్చే సీపీయూ రకానికి ఏఈఎస్ (ప్రాసెసర్‌లోనే ఉండే ఎన్‌క్రిప్షన్ సౌకర్యం) కావాలి, నా ప్రాసెసర్‌లో అది లేదు. రకాన్ని అది అక్కర్లేని కేవీఎం64కి మార్చగానే లేచింది. పాత మెషీన్ల మీద పెట్టుకునేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోండి.

ఇక మిల్లు. 2024 ఏప్రిల్‌లో వచ్చిన 8.2 నుంచి ఇంపోర్ట్ విజార్డ్ ఉంది, ఈఎస్ఎక్స్ఐ అడ్రసూ పాస్‌వర్డూ ఇస్తే వీఎంలని తనే లాక్కుంటుంది, కానీ వాళ్లు పరీక్షించింది 6.5 నుంచి 8.0 దాకా. మనది 5.5. ముందు 6.5కి ఎక్కించి తర్వాత లాగుదామా అనుకున్నా కానీ, చావుబతుకుల్లో ఉన్న డిస్క్ మీద అప్‌గ్రేడ్ చేసే ధైర్యం చాల్లేదు. ఎస్ఎస్‌హెచ్‌తో (ఒక కంప్యూటర్ నుంచి ఇంకోదానికి భద్రంగా కనెక్ట్ అయ్యే దారి) ఫైళ్లు కాపీ చేద్దామంటే, ప్రాక్స్‌మాక్స్ కింద ఉండే కొత్త డెబియన్ లినక్స్ పాత ఈఎస్ఎక్స్ఐతో మాట్లాడనంది. తానెవరో రుజువు చేసుకోడానికి పాతదానికి తెలిసింది పాత ఆర్ఎస్ఏ సంతకం ఒక్కటే, దాన్ని కొత్త ఓపెన్ ఎస్ఎస్‌హెచ్ 2021లోనే డిఫాల్ట్‌గా మూసేసింది. కమాండ్‌లో దాన్ని ఆ ఒక్క పనికి అనుమతిస్తే కాపీ మొదలైంది. 300 జీబీ డిస్క్, శనివారం రాత్రి పదికి పెడితే తెల్లవారుజామున నాలుగైంది. ఈఎస్ఎక్స్ఐ నుంచి ఎస్‌సీపీ (ఎస్ఎస్‌హెచ్ మీద చేసే కాపీ) అంటే ఎద్దుల బండే.

నిద్రమత్తులో డిస్క్‌ని నేరుగా వర్ట్ఐఓ (వీఎంల కోసమే చేసిన వేగమైన డిస్క్ కనెక్షన్, దానికి వేరే డ్రైవర్ కావాలి) కింద తగిలించి స్టార్ట్ కొట్టా. నీలి తెర, స్టాప్ కోడ్ 7బి. అంటే బూట్ అవ్వాల్సిన డిస్క్ విండోస్‌కి కనపడట్లేదు, దాని దగ్గర ఆ డ్రైవర్ లేదు. విండోస్‌కి ముందే తెలిసిన పాత ఐడీఈ కనెక్షన్ కింద మార్చితే లేచింది. లేచిందన్న సంతోషంలో గుమాస్తా గారిని పిలిచి చూడమన్నా, ఆయన కళ్లజోడు సర్దుకుని చూసి, ఆఖరి కాటా చీటీ 2019 మార్చిదండీ అన్నాడు. మిల్లు ఓనర్ అన్న వెనక నుంచి, "ఏంది అబయా ఇది, కాలం ఎనక్కి పోయిందే!"

ఆ నిమిషంలో నాకు చెమటలు పట్టిన మాట నిజం.

జరిగిందేమిటంటే, ఆ వీఎంకి 2019లో తీసిన స్నాప్‌షాట్ (ఆ రోజు ఎలా ఉందో అలా గుర్తుపెట్టుకునేది) ఒకటి ఉంది. స్నాప్‌షాట్ తీసిన రోజు నుంచి అసలు డిస్క్ ఫైలు కదలదు, ఆ తర్వాత రాసిందంతా పక్కన డెల్టా ఫైల్లోకి పోతుంది. నేను పెద్ద ఫైలొక్కటే కాపీ చేసుకొచ్చి, ఇన్నేళ్ల లెక్కలున్న డెల్టాని అక్కడే వదిలేశా. స్నాప్‌షాట్ పేరు టెస్ట్1. తీసింది నేనే.

పాత సర్వర్ క్షేమంగా ఉంది కాబట్టి బతికిపోయా. నా దగ్గర పాత విండోస్ 7 ల్యాప్‌టాప్ ఒకటుంది, 5.5ని తెరిచే పాత క్లయింట్ దాంట్లోనే ఉంది, దాన్ని పారేయమని మా ఆవిడ ఎన్నిసార్లు చెప్పిందో. అందులో స్నాప్‌షాట్ మేనేజర్ తెరిచి డిలీట్ ఆల్ కొట్టాలి. ఆ పేరు చూస్తేనే చెయ్యి వణుకుతుంది కానీ అది డేటాని చెరిపేది కాదు, డెల్టాని అసలు డిస్క్‌లో కలిపేది. ముందు వీఎంని అక్కడే ఒకసారి లేపి వీఎంవేర్ టూల్స్ తీసేసి, షట్‌డౌన్ చేసి, అప్పుడు కొట్టా. కొత్త చోటికి వచ్చాక ఆ టూల్స్ తీద్దామంటే మొండికేస్తాయి, ఇక్కడే తీసేయడం మేలు. కలవడానికి ఆదివారం రాత్రంతా పట్టింది, మళ్ళీ కాపీ సోమవారం రాత్రి. పగలు కాటా చీటీలన్నీ చేత్తో రాసుకున్నారు పాపం.

మూడోసారి లేచాక పెద్ద గండాలేవీ రాలేదు. పాత ఐపీ అడ్రస్ ఇద్దామంటే ఇంకో నెట్‌వర్క్ కార్డుకి ఉంది అంటుంది, ఆ కార్డేమో కనపడదు. డివైస్ మేనేజర్‌లో దాగిన పరికరాలని చూపించే సెట్టింగ్ పెట్టి పాత కార్డుని తీసేస్తే సరిపోయింది. ఒక జీబీ ఖాళీ డిస్క్‌ని వర్ట్ఐఓ కింద తగిలించి డ్రైవర్ ఎక్కించా, ఆ తర్వాతే అసలు డిస్క్‌ని దానికి మార్చా. 2008 ఆర్2కి కొత్త డ్రైవర్ సీడీ పనికిరాదు, 0.1.173 వెర్షనే దించుకోండి. ఆ ధాన్యం సాఫ్ట్‌వేర్ నడవాలంటే గుచ్చి ఉంచాల్సిన యూఎస్‌బీ డాంగిల్ గురించే ఎక్కువ టెన్షన్ పడ్డా, కానీ ప్రాక్స్‌మాక్స్‌లో ఆ యూఎస్‌బీ పరికరాన్ని ఎంచుకుని వీఎంకి ఇస్తే ఒక్క దెబ్బకి గుర్తుపట్టింది. విండోస్ మళ్ళీ యాక్టివేషన్ అడిగింది, అది మామూలే.

నాకు బాగా నచ్చింది బ్యాకప్. రోజూ రాత్రి రెండింటికి మొత్తం వీఎం తనే బ్యాకప్ అవుతుంది, ఒకదాన్ని వేరే నంబరుతో రీస్టోర్ చేసి, నెట్‌వర్క్ పీకేసి లేపి చూశా, లెక్కలు కరెక్టుగా ఉన్నాయి. ఒకటి ఎందుకు తగ్గించానంటే, డాక్యుమెంటేషన్ బాగానే ఉన్నా కమాండ్ లైన్ అలవాటు లేనివాళ్లకి మధ్యలో దారి తప్పుతుంది. ఇంకోటి, లోపల ఉన్నది ఇంకా ఆ 2008 ఆర్2నే, ప్రాక్స్‌మాక్స్ కొత్తదైనంత మాత్రాన అది భద్రం అయిపోదు, అందుకే దానికి ఇంటర్నెట్ పూర్తిగా కట్ చేశా.

పాత సర్వర్ నెట్‌వర్క్ వైరు పీకి మిల్లులోనే మూల పెట్టాం. పాత ఇనుముకి వేద్దామా అన్నా అంటే, "కోతలు అయ్యేదాకా దాని జోలికి పోమాక అబయా" అన్నాడు ఓనర్ అన్న.