కలరా ఉండలా, డీప్ ఫ్రీజరా: హెర్బేరియానికి ఏది మేలు?

హెర్బేరియంలో, అంటే ఎండు మొక్కల్ని కాగితపు షీట్లకు అతికించి దాచే చోట, గడ్డిచేమంతి షీటు తీస్తే పువ్వుల చోట నశ్యం లాంటి పొడి, కాగితానికి సన్నటి గుండ్రటి చిల్లులు. ఎండబెట్టి, అతికించి, లేబుల్ రాసి పెట్టుకున్న మొక్కలో కాడ మాత్రం మిగిలింది. బీరువాలో కలరా ఉండల వాసన మాత్రం గుప్పుమంటూనే ఉంది.

ఇది సిగరెట్ బీటిల్ పని. పొగాకు గోదాముల్లోనూ, ఇంట్లో మసాలా డబ్బాల్లోనూ పట్టే పురుగే. దానికి కావలసింది వెచ్చదనం, చెమ్మ. గోదావరి డెల్టాలో రెండింటికీ కొదవేముంది? గడ్డి జాతుల జోలికి పెద్దగా పోదు గానీ చేమంతి కుటుంబమంటే ప్రాణం.

కలరా ఉండలు చవక, కరెంటుతో పని లేదు. కానీ అవి బయటి పురుగును కొంత దూరం పెడతాయేమో గానీ, షీట్ల కట్టలో అప్పటికే ఉన్న గుడ్డునూ లార్వానూ చంపుతాయని నమ్మలేం. మాటిమాటికీ బీరువా తెరిచే చోట ఆ కాస్త ఘాటూ నిలవదు. పైగా ఆ ఉండల్లోని నాఫ్తలీన్ క్యాన్సర్ తెచ్చే అవకాశమున్న పదార్థాల జాబితాలో ఉంది. రోజంతా ఆ గదిలో కూర్చునేది మనమే కదా.

పాతకాలంలో మొక్కను మెర్క్యూరిక్ క్లోరైడ్‌లో ముంచేవారు. పురుగు నిజంగానే ముట్టదు. కానీ దశాబ్దాలు గడిచినా ఆ షీట్లలో పాదరసం పోదు, గ్లౌజులు లేకుండా పట్టుకోకూడదు. కొత్తగా మొదలుపెట్టే మాటే వద్దు.

నా ఓటు ఫ్రీజర్‌కే. కట్టను పాలిథిన్ కవర్లో గాలి చొరకుండా మూసి, మైనస్ 20 డిగ్రీల్లో కనీసం వారం ఉంచాలి. బయటికి తీశాక కవరు వెంటనే విప్పొద్దు. మర్నాటిదాకా ఆగితే చెమ్మ కవరు పైనే పట్టి ఆరిపోతుంది, షీటు తడవదు. కక్కుర్తిపడి కట్టలు కుక్కితే మధ్యలోకి చలి చేరదు. మేము మొదట్లో చేసిన పొరపాటు అదే, పురుగు హాయిగా బతికి బయటికొచ్చింది. విషం మిగలదు కాబట్టి శుభ్రమైన కట్టకు మళ్లీ పురుగు పట్టొచ్చు. అందుకే బయటి నుంచి వచ్చిన ఏ కట్టయినా ముందు ఫ్రీజర్‌కి, తర్వాతే బీరువాకి.

బూజు సంగతి వేరు, దానికి ఫ్రీజర్ మందు కాదు. కోరంగి మడ ఆకుల్లో ఉప్పుంటుంది. మొక్కల్ని అదిమి ఉంచే ప్రెస్‌లో రోజూ పేపర్లు మార్చి ఎంత ఆరబెట్టినా వానాకాలంలో ఆ ఉప్పు చెమ్మ లాగుతుంది. వాటి బీరువా దగ్గర గాలిలో చెమ్మ లాగే డీహ్యూమిడిఫైయర్ పెట్టక తప్పదు.

ఇక నీళ్లొస్తే ఏ మందూ కాపాడదు. సామర్లకోటలో తోట పెంచిన కంపెనీ కాలపు వృక్షశాస్త్రవేత్త రాక్స్‌బర్గ్ అప్పటిదాకా సేకరించిన మొక్కలన్నీ ఇంజరం దగ్గర ముంపులో పోయాయి. మా బీరువాలు మేడ మీద ఉన్నది అందుకే.

ఫ్రీజర్‌తో అసలు టెన్షన్ తుపాను రోజుల్లో కరెంటు. తలుపు మీద చార్ట్ అతికించాం. చాలాసేపు కరెంటు పోయి లోపల మంచు కరిగిందంటే, ఆరో రోజైనా సరే, లెక్క మళ్లీ ఒకటి నుంచే.